బుడమేరు వరద పటాన్ని జనం ముందు పెట్టండి

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి, విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, జలవనరుల శాఖ ఇంజినీర్లకు, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ అధికారులకు,

నమస్కారం అండీ.

నలుగురికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను, ఎందుకంటే విజయవాడను వెనక నుంచి ముంచే బుడమేరు వాగు ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. కాలువ, రెగ్యులేటరు జలవనరుల శాఖవి, ఊళ్లో డ్రైన్లు కార్పొరేషన్‌వి, ఫోన్లకు వచ్చే హెచ్చరిక విపత్తు నిర్వహణ సంస్థది, పడవలు ఎటు పంపాలో తేల్చాల్సింది కలెక్టర్ గారు. నేను అడిగేది మాత్రం ఒక్కటే. బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వస్తే సింగ్ నగర్‌లో ఏ వీధిలోకి, ఎంత ఎత్తున, ఎన్ని గంటల్లో నీళ్లు వస్తాయో చూపించే డిజిటల్ పటం తయారుచేయించండి, చేయించి జనం ముందు పెట్టండి. లాగిన్లూ పాస్‌వర్డులూ లేకుండా, మామూలు ఫోన్లో నొక్కగానే తెరుచుకునేలా, తెలుగులో.

నేను మ్యాపుల పని చేసే మనిషిని. జీఐఎస్ అంటారే, అదే నా ఉద్యోగం. మా పిన్ని వాళ్ల ఇల్లు పాయకాపురంలో ఉంది. కాబట్టి 2024 సెప్టెంబర్ నాకు వార్తల్లో చూసి వదిలేసే విషయం కాదు, నా పనికీ నా ఇంటికీ రెండింటికీ సంబంధించిన విషయం, అందుకే కాస్త గట్టిగా రాస్తే ఏమీ అనుకోకండి.

ఆ రోజు ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెప్పాలి. ఆగస్టు 31న కుండపోత వాన. కృష్ణకు భారీ వరద వస్తోందని అందరి కళ్లూ ప్రకాశం బ్యారేజీ మీదే ఉన్నాయి. సెప్టెంబర్ 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 అక్టోబర్ వరదను కూడా మించిపోయింది. అంత వరదలోనూ కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది, ఆ గోడ కట్టినవాళ్లకు దండం పెట్టాలి. కానీ ఊరు మునిగింది కృష్ణ వైపు నుంచి కాదు, వెనక నుంచి. మైలవరం కొండల వైపు పడిన వాన బుడమేరులోకి వచ్చిపడింది, వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు, కొండపల్లి శాంతినగర్, కవులూరు దగ్గర, బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీరంతా సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, జక్కంపూడి మీదకు వచ్చింది. ఆఖరి గండి పూడేసరికి సెప్టెంబర్ 7 అయింది, దానికి సైన్యం రావాల్సి వచ్చింది.

గేట్లు ఎత్తే ముందు ఎవరు ఎవరికి చెప్పారు, ఎవరు చెప్పలేదు అన్న వాదన అప్పట్లో చాలా నడిచింది. ఈ లేఖ ఆ వాదన గురించి కాదు. నా ప్రశ్న వేరు. చెప్పారనే అనుకుందాం. "బుడమేరుకు వరద వస్తోంది, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని మైకులో చెప్పారనే అనుకుందాం. విన్న మనిషి ఏం చేయాలి? మా పిన్ని ఇల్లు లోతట్టా, మెరకా? ఆవిడకు తెలియదు. నాకూ తెలియదు, మ్యాపులు చేసే నాకే తెలియదు. వీధి చివర నిలబడితే అంతా చదునుగానే కనిపిస్తుంది. ఆ చదునులోనే ఒక సందులో మోకాళ్ల లోతు, రెండు సందుల అవతల మనిషి మునిగే లోతు వచ్చింది.

భద్రాచలంలో అయితే ఈ చిక్కు ఇంతగా ఉండదు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏళ్ల తరబడి గోదావరిని చూసిన జనానికి ఏ అడుగుకు ఏ కాలనీలోకి నీళ్లొస్తాయో నోటిలెక్కే. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చూపించగల ముసలివాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. అంటే అక్కడ పటం జనం తలలో ఉంది. ప్రకాశం బ్యారేజీకి కూడా 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది అని అందరికీ తెలుసు. బుడమేరు విషయంలో అలాంటి జ్ఞాపకం లేదు. 2005లో ఒకసారి ముంచింది, ఆ తర్వాత సింగ్ నగర్‌కు, పాయకాపురానికి వచ్చి స్థలం కొనుక్కున్న వాళ్లకు, అద్దెకు దిగిన వాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్తారు? బుడమేరును బెజవాడ దుఃఖదాయని అంటారు, ఆ మాట పేపర్లో చదివారు గానీ తమ గుమ్మానికి ఆ దుఃఖం ఎన్ని అడుగుల దూరంలో ఉందో చెప్పేవాడు లేడు. జ్ఞాపకం లేనిచోట ఆ పని పటమే చేయాలి.

ఇక్కడ కొంచెం టెక్నికల్ విషయం రాయక తప్పదు. ఎందుకంటే "మన దగ్గర ఉపగ్రహాలున్నాయి కదా, పటాలు ఉన్నాయి కదా" అని మీలో ఎవరైనా అనొచ్చు. ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, వరద వస్తే మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ చిత్రాలతో ముంపు పటాలు చేసి రాష్ట్రాలకు ఇస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 అలాంటి రాడార్ ఉపగ్రహమే. 1998 నుంచి 2022 దాకా తీసిన చిత్రాలతో దేశంలో వరద ముంపు ప్రాంతాల అట్లాస్ కూడా ఆ సంస్థ 2023లో తెచ్చింది. చాలా మంచి పని, ఆ పని చేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

కానీ ఆ పటాలు పొలాలకు పనికొచ్చినంతగా కాలనీలకు పనికిరావు. నిలిచిన నీటి మీద రాడార్ తరంగం అద్దం మీద పడ్డ టార్చి వెలుతురులా అవతలికి జారిపోతుంది, తిరిగి రాదు, అందుకే చిత్రంలో నీళ్లు నల్లగా కనిపిస్తాయి, పొలంలో ఇది చక్కగా తెలుస్తుంది. ఇరుకు వీధుల్లో అలా కుదరదు. తరంగం నీటి మీద పడి, గోడకు కొట్టుకుని మళ్లీ ఉపగ్రహం వైపే వచ్చేస్తుంది, నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మెరుస్తుంది. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న సింగ్ నగర్ లాంటి చోట ఏ సందులో నీళ్లున్నాయో ఉపగ్రహం తేల్చి చెప్పలేదు. పైగా ఉపగ్రహం మనకు కావాల్సిన గంటకు మన నెత్తి మీద ఉండదు. అందరూ ఉచితంగా వాడుకునే ఐరోపా రాడార్ ఉపగ్రహాల జంటలో ఒకటి 2021 డిసెంబర్‌లో పాడైపోయింది, 2024 సెప్టెంబర్‌లో మిగిలిన ఒక్కటి ఒకే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పట్టేది. బుడమేరు రాత్రికి రాత్రి వచ్చేసింది.

ఇంకో లోటు ఎత్తులది. నీళ్లు పల్లానికి పోతాయి, కాబట్టి పల్లం ఎక్కడుందో తెలిస్తే సగం పటం అయిపోయినట్టే. ఉచితంగా దొరికే ఎత్తుల పటాలు, మన కార్టోసాట్ ఉపగ్రహం నుంచి వచ్చింది గానీ అమెరికా వాళ్లు 2000లో స్పేస్ షటిల్‌తో కొలిచింది గానీ, సుమారు 30 మీటర్లకు ఒక చుక్క చొప్పున ఇస్తాయి, ఆ చుక్కలో తప్పు మీటర్లలో ఉంటుంది. ఆ చుక్క నేల ఎత్తో, ఇంటి కప్పు ఎత్తో, చెట్టు కొన ఎత్తో కూడా చెప్పలేం. సింగ్ నగర్‌లో ఒక వీధికీ ఇంకో వీధికీ ఉన్న తేడా మహా అయితే రెండు మూడడుగులు. ఆ తేడాను ఈ పటాలు పట్టుకోలేవు. దీనికి లైడార్ సర్వే కావాలి, అంటే విమానం నుంచో డ్రోన్ నుంచో లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తును జానెడు తేడా కూడా లేకుండా కొలవడం. ఇందులో ఇప్పుడు అనుమతుల చిక్కు కూడా పెద్దగా లేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద పాత ఆంక్షలు ఎత్తేసింది, అదే ఏడాది డ్రోన్ నిబంధనలు సడలించింది. బుడమేరు వరదలో డ్రోన్లతో మేడల మీదకు అన్నం ప్యాకెట్లు దింపిన రాష్ట్రం మనది. ఆ డ్రోన్లకే లేజర్ కట్టి ఎండాకాలంలో ఎగరేస్తే వచ్చే పటం అన్నం ప్యాకెట్ల కంటే ముందు చేరుతుంది.

లైడార్ చేతికి వస్తే మిగతాది కంప్యూటర్ పని. వరద ప్రవాహాన్ని లెక్కగట్టే హెక్-రాస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ప్రపంచమంతా వాడుతున్నారు. కాకపోతే దానికి నిజాలు తినిపించాలి. బుడమేరు పాత కాలువ ఇప్పుడు నిజంగా ఎంత వెడల్పు ఉంది, ఎక్కడెక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమణలతో కుంచించుకుపోయింది, రైలు కట్ట కింద ఉన్న ఖానాలు ఎన్ని, వాటిలో ఎన్ని తెరిచి ఉన్నాయి, ఎనికేపాడు దగ్గర యూటీ లోంచి, అంటే కాలువ కింద నుంచి బుడమేరు పోయే అండర్ టన్నెల్ లోంచి, ఎంత నీరు పోగలదు. ఇవన్నీ కొలిచి పెట్టాలి. ఇంకా ముఖ్యమైనది, కృష్ణ మట్టం. డైవర్షన్ కాలువ ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు నదిలోకి పోలేక వెనక్కి తంతుంది. కాబట్టి బుడమేరుకు ఒక్క పటం చాలదు. కృష్ణ మామూలుగా ఉన్నప్పుడు ఒకటి, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఒకటి, గట్టు తెగితే ఏమవుతుందో ఒకటి. మూడోదే 2024లో జరిగింది, గట్టు తెగుతుందని ముందే ఊహించి గీసుకున్న పటం ఒక్కటి ఉన్నా ఆ రాత్రి నిర్ణయాలు వేరుగా ఉండేవని నా నమ్మకం.

కంప్యూటర్ చెప్పిందల్లా నమ్మమని నేను అనను. దాన్ని సరిచూసుకోవడానికి ఊళ్లో ఉన్న సాక్ష్యం మాసిపోతోంది, ఈ లేఖ ఇప్పుడే రాయడానికి అసలు కారణం అదే.

గోడల మీద గీతలు. నీళ్లు తీసిన తర్వాత ప్రతి ఇంటి గోడ మీదా బురద రంగు గీత ఒకటి మిగిలింది, గీతకు కింద ఒక రంగు, పైన ఒక రంగు. ఒక్కొక్క గీత ఆ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చెప్పే కొలత. అలాంటివి వేలకు వేలు ఉండేవి. ఇప్పుడు తగ్గిపోతున్నాయి. అద్దె ఇళ్ల ఓనర్లు ముందుగా రంగులేయించేశారు, కొత్తగా చేరేవాళ్లు ఆ గీత చూస్తే వెనకాడతారని. షాపుల వాళ్లు టైల్స్ అంటించేశారు. మా బాబాయ్ మాత్రం వరండా గోడ మీద గీత వెంట పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ రాశారు, ఆ తర్వాత ఇంటికి రంగులేయించినప్పుడు కూడా పెయింటర్‌తో గొడవపడి మరీ ఆ మూరెడు జాగా వదిలేయించారు. ఎందుకు బాబాయ్ అంటే, "రేపు ఎవడైనా కొలవడానికి వస్తే చూపించాలి కదరా" అన్నారు. అధికారులారా, ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు.

కొలవడం పెద్ద ఖర్చు కూడా కాదు. భూముల రీసర్వే కోసం రాష్ట్రంలో ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని కచ్చితంగా లెక్కగట్టడానికి తోడ్పడే కార్స్ స్టేషన్లు పెట్టారు, వాటితో కలిసి పనిచేసే రోవర్లు అనే కొలత పరికరాలను సర్వేయర్ల చేతికి ఇచ్చారు. పొలం గట్టును సెంటీమీటర్లలో చూపించే ఆ రోవర్‌ను సందు మొదట్లో నిలబెట్టి నేల ఎత్తు తీసుకుని, అక్కడి నుంచి గోడ మీద గీత దాకా టేపుతో కొలిస్తే ఒక ఇంటి లెక్క అయిపోతుంది. ఎత్తును సముద్రమట్టంతో సరిచూసుకోవడం లాంటి సవరణలు ఉంటాయి, అవి సర్వేయర్లకు తెలిసిన పనే. సందుకు నాలుగైదు ఇళ్లు చాలు. గీత చెరిగిపోయిన చోట ఫోటోలు ఉన్నాయి. ఆ రోజుల్లో మేడ మీద నుంచి, మెట్ల మీద నుంచి తీసిన ఫోటోలు, వీడియోలు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి. గేటుకు ఎంతవరకు వచ్చింది, బైకు మునిగిందా, కరెంటు మీటరు మునిగిందా అని చూస్తే ఎత్తు తెలిసిపోతుంది. సచివాలయాల వారీగా ఒక వాట్సాప్ నంబరు ఇచ్చి, "మీ ఫోటో, మీ లొకేషన్ పంపండి" అని ఒక్క ఆదివారం అడగండి, ఎన్ని వస్తాయో చూడండి.

పరిహారం కోసం ఇంటింటికీ తిరిగిన బృందాలు గుర్తున్నాయి కదా. కింది అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు అని లెక్క రాసుకున్నారు. ఏ ఇంట్లోకి నీళ్లు వచ్చాయి, ఏ ఇంట్లోకి రాలేదు అన్నదానికి అంతకంటే పెద్ద జాబితా ఇంకెక్కడా ఉండదు. దాంట్లోంచి పేర్లు, ఆధార్లు, బ్యాంకు ఖాతాలు తీసేసి, లొకేషన్, నీళ్లు వచ్చాయా లేదా అన్న రెండు ముక్కలు మాత్రం పటం మీదకు ఎక్కించండి. పరిహారం పంచగానే ఆ ఫైలు మూసేస్తే పోయేది డబ్బు కాదు, అంత తిరిగి సేకరించిన సమాచారం.

ఇక సహాయం సంగతి. ముందే పటం ఉండి ఉంటే ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే అనుకుంటాను.

ఆ రోజుల్లో సింగ్ నగర్ ఫ్లైఓవరే ఒడ్డు. అక్కడిదాకా లారీలు వచ్చేవి, అక్కడి నుంచి పడవలు. పడవలు నడిపినవాళ్లలో ఎక్కువమంది వేరే జిల్లాల మత్స్యకారులు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, వాళ్ల కష్టానికి ఎంత చెప్పినా తక్కువే. కానీ వాళ్లకు ఈ ఊరు తెలియదు. పడవ మెయిన్ రోడ్డు మీద పోయేది, అక్కడి వాళ్లకు పాలు, నీళ్లు, భోజనం రెండేసి మూడేసి సార్లు అందేవి. లోపలి సందుల్లో ఉన్నవాళ్లు మేడల మీద నుంచి చీరలు, తువ్వాళ్లు ఊపుతూ అరిచేవాళ్లు. మా పిన్ని వాళ్లు అలా అరిచినవాళ్లలోనే ఉన్నారు. ఫోన్ చార్జింగ్ అయిపోతుందని ఒకటే టెన్షన్, అందుకని ఫోన్ ఆపేసి, ఎప్పుడో ఒకసారి ఆన్ చేసి "ఇంకా ఎవరూ రాలేదు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేది.

హైదరాబాద్‌లో కూర్చుని మేం చేసిన పనల్లా అడ్రసులు పంపడం. "డాబా కొట్ల సెంటర్ దాటాక ఎడమ చేతి సందు, రామాలయం వెనక, పసుపు రంగు బిల్డింగు, రెండో అంతస్తు, షుగర్ పేషెంట్ ఉన్నారు." ఇలాంటి మెసేజీలు వేలల్లో తిరిగాయి. ఒకే ఇంటి గురించి పదిమంది చుట్టాలు పది రకాలుగా పెట్టారు. బయటికి వచ్చేసిన వాళ్ల గురించి రెండు రోజుల తర్వాత కూడా మెసేజీలు వస్తూనే ఉన్నాయి. నీళ్లలో ఉన్న పడవవాడికి రామాలయం ఏది, పసుపు బిల్డింగు ఏది? సందు గుర్తే నీళ్ల కింద ఉంది.

2018లో కేరళలోనూ ఇదే జరిగింది. అక్కడ ప్రభుత్వం, వాలంటీర్లు కలిసి ఒక వెబ్‌సైటు పెట్టి సహాయం కోరేవాళ్ల వివరాలన్నీ ఒకచోట పోగేశారు, దానివల్ల చాలామంది బతికారు. 2015లో చెన్నై మునిగినప్పుడు, ఎవరైనా గీసి చేర్చగలిగే ఉచిత ఆన్‌లైన్ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాలంటీర్లు మునిగిన వీధి మీద ఎవరైనా క్లిక్ చేసి గుర్తుపెట్టగలిగే పటం తయారుచేశారు. ఇండోనేషియా రాజధాని జకార్తాలో జనం సోషల్ మీడియాలో పెట్టే వరద సమాచారాన్ని అప్పటికప్పుడు పటం మీదకు ఎక్కించే ఏర్పాటు ఏళ్లుగా నడుస్తోంది. జకార్తా వాళ్లు మంచి పని ఇంకోటి చేశారు. వరద రాకముందే కాలేజీ విద్యార్థులను, వార్డుల పెద్దలను కూర్చోబెట్టి వార్డుల సరిహద్దులు, బడులు, ఆస్పత్రులు, మసీదులు అన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయించారు. మన దగ్గర చెన్నైలా నీళ్లొచ్చాక గీసే పరిస్థితి ఎందుకు? ఊళ్లోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు లెక్కలేనన్ని ఉన్నాయి. ప్రతి సచివాలయానికి నలుగురు పిల్లలను ఇచ్చి, ప్రతి సందు, ప్రతి గుడి, ప్రతి మూడంతస్తుల మేడ, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ గీయించండి. మూడంతస్తుల మేడ ఎందుకంటే ఆపదలో పక్కింటివాళ్లు ఎక్కేది అక్కడికే.

అడ్రసు చిక్కుకు నాకు తోచిన ఉపాయం కరెంటు స్తంభాలు. సందు బోర్డు మునుగుతుంది, ఇంటి నంబరు మునుగుతుంది, స్తంభం మునగదు. ఈ కాలనీల్లో ప్రతి స్తంభానికి ఒక నంబరు ఇచ్చి, పడవ మీద నుంచి కనిపించే ఎత్తులో పెద్ద అక్షరాలతో రాయించండి, ఆ నంబర్లన్నీ లొకేషన్‌తో సహా పటంలో పెట్టండి. అప్పుడు మా పిన్ని "స్తంభం 214 ఎదురుగా" అంటే చాలు, శ్రీకాకుళం నుంచి వచ్చిన పడవవాడు కూడా నేరుగా వస్తాడు. అదే స్తంభం మీద 2024 నీటిమట్టం దగ్గర నీలం రంగు పట్టీ వేయించండి. రోజూ ఆ పట్టీ కింద నుంచి బడికి పోయే పిల్లలకు వరద గురించి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, వరద రోజున ఇంటర్నెట్ ఉండదు, కరెంటు ఉండదు, టవర్లు పడుకుంటాయి. కాబట్టి ఈ పటం ఆఫ్‌లైన్లో పనిచేయాలి, కాగితం మీద కూడా ఉండాలి. సచివాలయం గోడ మీద పెద్దది ఒకటి, పడవలో ప్లాస్టిక్ కవరు వేసింది ఒకటి. ఏ పడవ ఏ సందుకు వెళ్లివచ్చిందో స్కెచ్ పెన్నుతో కొట్టుకుంటూ పోతే, సాయంత్రం కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు ఎక్కడికి అసలు వెళ్లలేదో కనిపిస్తుంది. ఆ రోజుల్లో కంట్రోల్ రూముకు కావాల్సింది ఆ ఖాళీలే, ఎన్ని లక్షల ప్యాకెట్లు పంచాం అన్న అంకె కాదు.

పటం బయటపెడితే వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, జనం భయపడతారని. భద్రాచలంలో, ధవళేశ్వరంలో హెచ్చరిక అంకెలు దశాబ్దాలుగా టీవీల్లో చదువుతున్నారు. అక్కడి జనం భయపడి పరుగులు తీయడం లేదు, సామాను మేడ మీదకు ఎక్కిస్తున్నారు, గొడ్లను తోలుకుపోతున్నారు. ఏమీ తెలియనివాడే అర్ధరాత్రి నీళ్లు మంచానికి తగిలాక భయపడతాడు.

రెండోది ఎవరూ పైకి అనరు గానీ అసలైనది. స్థలాల రేట్లు పడిపోతాయని. పడిపోవచ్చు, కాదనను. మా పిన్ని వాళ్ల ఇంటి ధర కూడా పడుతుంది. అయినా అడుగుతున్నాను. ఎందుకంటే ఈ కాలనీల్లో కొన్నవాళ్లు, ప్రభుత్వం ఇల్లిస్తే చేరినవాళ్లు ఎక్కువమంది ఆటోలు నడిపేవాళ్లు, తాపీ పనివాళ్లు, షాపుల్లో గుమాస్తాలు. చవకగా దొరికిందని కొన్నారు. ఎందుకు చవకో అమ్మినవాడికి తెలుసు, కొన్నవాడికి తెలియదు. ఆ తేడా చెరిపేయడానికే పటం బహిరంగంగా ఉండాలి. తెలిసి కొన్నవాడు కనీసం పునాది రెండడుగులు ఎత్తుగా కట్టుకుంటాడు, కరెంటు మీటరు పైన పెట్టించుకుంటాడు, ఇంటికి బీమా చేయించుకుంటాడు. బిల్డింగ్ ప్లాన్ ఇచ్చేటప్పుడు కార్పొరేషన్ ఆ వీధి నీటిమట్టం కాగితం మీద రాసిస్తే చాలు, కోర్టులు, గొడవలు అక్కర్లేదు.

ఇది సింగ్ నగర్ గొడవ ఒక్కటే కూడా కాదు. విజయవాడలో నీళ్లు తీస్తున్న రోజుల్లోనే ఆ నీరు కిందకు పోయి నందివాడ మండలం ఊళ్లలో పడింది, అక్కడి చేపల చెరువులూ చేలూ ఏకమయ్యాయి. ఇటు టీవీ కెమెరాలన్నీ ఫ్లైఓవర్ దగ్గరే ఉండిపోయాయి. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులో, దాని దారి మొత్తం ఒకే పటంలో ఉంటే, పైన తీసిన నీరు కింద ఏ ఊరికి ఏ పూటకు చేరుతుందో ఆ ఊరి సర్పంచ్‌కు ముందే చెప్పొచ్చు. కేంద్రం 2025 జులైలో సి-ఫ్లడ్ అని రెండు రోజుల ముందు ఊరి స్థాయిలో ముంపు చెప్పే ఏర్పాటు మొదలుపెట్టింది, మొదటి విడతలో మహానది, గోదావరి, తపతి నదులను తీసుకున్నారు. పెద్ద నదులకు అది వస్తోంది, సంతోషం. బుడమేరు, ఖమ్మంలో మున్నేరు లాంటి వాటికి ఢిల్లీ నుంచి పటం వచ్చేదాకా ఆగితే ఇంకెన్ని వానాకాలాలు పోతాయో. ఈ వాగుల లెక్క జిల్లాలోనే తేలాలి.

గట్లు బలపరుస్తున్నారు, కాలువ వెడల్పు చేస్తామంటున్నారు, ఆక్రమణలు తీస్తామంటున్నారు. చేయండి, అవన్నీ కావాలి. అయితే అవి పూర్తవడానికి ఏళ్లు పడుతుంది, ఎంత బలమైన గట్టుకైనా ఒక హద్దు ఉంటుంది. పటానికి అన్నేళ్లు అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు, ఎవరి ఇల్లూ కూల్చక్కర్లేదు.

కాబట్టి మీ నుంచి సూటిగా జవాబు కావాల్సినవి ఇవి. బుడమేరు పరీవాహకం మొత్తానికి, వెలగలేరు నుంచి కొల్లేరు దాకా, లైడార్ సర్వే జరిగిందా? జరిగి ఉంటే ఆ ఎత్తుల డేటా ఎవరి దగ్గర ఉంది, కాలేజీలకూ మామూలు జనానికీ ఎప్పుడు ఇస్తారు? జరగకపోతే వచ్చే ఎండాకాలంలోపు చేయిస్తారా? 2024 నీటిమట్టాలు వీధుల వారీగా ఎక్కడైనా నమోదై ఉన్నాయా? వెలగలేరు దగ్గర, డైవర్షన్ కాలువ దగ్గర నీటిమట్టం గంటగంటకూ జనానికి కనిపించే ఏర్పాటు ఎప్పటికి వస్తుంది? ఈ జవాబులు నలుగురూ విడివిడిగా ఇచ్చినా పర్వాలేదు, పటం మాత్రం నలుగురికీ ఒకటే ఉండాలి.

నా వంతుగా, గోడల మీద గీతలు కొలిచే పనికి సెలవు పెట్టి వస్తాను. మ్యాపుల పని తెలిసిన స్నేహితులు హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు, రాత్రుళ్లు కూర్చుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సందులు గీయడానికి వాళ్లు సిద్ధం. మాకు పైసా ఇవ్వక్కర్లేదు. సర్వేయర్లను, రోవర్లను, సచివాలయం సిబ్బందిని ఏ రోజు పంపుతారో తేదీ చెప్పండి, మొదటి కొలత మా బాబాయ్ వాళ్ల వరండాలో తీసుకోవచ్చు.

ఇట్లు,
పాయకాపురంలో చుట్టాలున్న ఒక మ్యాపింగ్ ఉద్యోగి